ముదురు మల్లెకు మారుచోటు

అద్దె యిండ్లలో కాపురము చేయువారు నేలలో చెట్లు పెట్టరాదని మా అమ్మ చెప్పుచుండెడిది. పెట్టినచో తులసిని పెట్టవలెను. అదియు కుండలోనే పెట్టవలెను. ఇల్లు మారునప్పుడు కుండ నెత్తుకొని పోవచ్చును గదా యని యామె యుద్దేశము. బడిపంతులు భార్య నగుటచేత ఆ మాటలోని సారము నాకు పదిమందికంటె నెక్కువగనే తెలియును. ఐనను దానిని పాటింపనైతిని. పాటింపనందువలన ఒక చెట్టును చంపుకొంటిని; మరియొక దానిని చాల కష్టముమీద బ్రదికించుకొంటిని. వేళ్లు పాతుకొన్న చెట్టును చోటు మార్చవలసిన యవసరము మన సోదరీమణులలో పలువురకు కలుగుచునే యుండును. వారి కుపకరించునేమో యని యీ సంగతి వ్రాయుచున్నాను.

ముందుగా చంపుకొన్నదానిని గూర్చి చెప్పెదను. పదునొకండేండ్ల క్రిందట మేము పరకాల దగ్గరి యొక పల్లెలో నుంటిమి. అచ్చట నేను విత్తు వేసి పెంచిన పారిజాతము నాలుగేండ్లలో నా తలను మించి యెదిగినది. తెల్లవారి తలుపు తీయునప్పటికి వాకిలి నిండ తెల్లని పూలు, వానికి పగడపు రంగు కాడలు. అట్లుండగా వేసవి సెలవులలో మా వారికి హనుమకొండకు బదిలీ యైనది. సామానులు లారీ కెక్కించుచుండగా నా మనస్సు చెట్టుమీదికి పోయెను. చిన్ననాట మా తండ్రిగారియొద్ద భాగవతము చదివినదానను. నరకాసురుని చంపిన పిదప శ్రీకృష్ణుడు ఇంద్రుని తోటలోని పారిజాతమును పెకలించి, గరుత్మంతునిపై నుంచి ద్వారకకు తెచ్చి, సత్యభామ పెరటిలో నాటెననియు, ఆ పూలతావికి మరిగిన తుమ్మెదలు స్వర్గము విడిచి దాని వెంటనే వచ్చెననియు అందు కలదు. నంది తిమ్మన గారు కృష్ణదేవరాయల కాలమున ఆ కథనే యొక ప్రబంధముగ వ్రాసిరి. స్వర్గమునుండి వచ్చిన చెట్టు బ్రదికినప్పుడు పరకాలనుండి వచ్చిన చెట్టు బ్రదుకదా యని తలంచితిని!

కూలివానిచేత క్షణములో పెకలింపించితిని. వేళ్లకంటిన మన్నంతయు జలజల రాలిపోయెను. బరువు తగ్గినదని సంతోషించితిని కూడ. నడివేసవి యెండలో లారీపై నిలువుగ కట్టించి తెచ్చి, క్రొత్త యింటి వాకిట గుంత తీయించి, పశువుల పెంట దండిగ వేసి నాటితిని. మరునాడు చూతును గదా, ఆకులన్నియు ఉడికించిన తోటకూరవలె వ్రేలాడుచుండెను. పదవనాటికి ఎండుపుల్ల మిగిలినది. శ్రీకృష్ణుడు ఎంత లోతు త్రవ్వెనో, గరుత్మంతుని రెక్కల గాలికి ఆకులెన్ని రాలెనో ఏ కవియు చెప్పియుండలేదు. చెప్పవలసిన యక్కర వారికి లేదు. తెలిసికొనవలసిన యక్కర నాకే యుండెను.

మా అత్తగారు నన్నొక్క మాటయు ననలేదు. మృగశిరకార్తె రాగానే తమ యూరికి పోయి, అచ్చటి యింటి పెరటిలో తాము కాపురమునకు వచ్చిననాటినుండియు నున్న గుండుమల్లె పొదనుండి యొక అంటు తెచ్చి, ఎండిన పారిజాతమును లాగివేసి, ఆ గుంతలోనే నాటిరి.

ఆ యింట పదునొకండేండ్లు గడచినవి. మేము వచ్చిననాడు ఆ యూరు వరంగల్లు జిల్లాలో నుండెను. 2016లో వరంగల్లు అర్బన్ జిల్లాలోనికి వచ్చినది. 2021లో ఆ జిల్లాయే హనుమకొండ జిల్లా యైనది. ఇల్లు కదలకయే మాకు మూడు జిల్లాలైనవి. మల్లెయు కదలక నడుము లావు పొదయైనది. ఎర్ర చలకనేల, క్రింద మొరము. పోసిన నీరు నిలువదు. మల్లెకు కావలసిన దదియే. చైత్రము మొదలు ఆషాఢము దాక మా వాకిట సాయంకాలము దీపము పెట్టకమునుపే పూల వాసన తెలియుచుండెడిది.

ఇంతలో అత్తగారి కన్నులకు నీటికాసులు వచ్చినవి. నొప్పి లేదు, ఎరుపు లేదు. చూపు అంచులనుండి కొంచెము కొంచెముగ హరించుకొని పోయినది. తెలిసికొనునప్పటికి ఆలస్యమైనది. ఆ రోగమున పోయిన చూపు మరల రాదు. మందులు మిగిలినదానిని నిలుపుటకే. ఇంట పెద్దవారున్న సోదరీమణులు వారి కన్నుల నొకమారు వైద్యునికి చూపించుకొనుడని నేను ప్రార్థించుచున్నాను. అయిదేండ్లనుండి అత్తగారికి పగలు రాత్రియు నొక్కటియే. ఐనను మల్లెమొగ్గలు కోయుట మాత్రము మానలేదు. వ్రేలికొసతో తాకి, ఈ సాయంకాలము విచ్చు మొగ్గ యేదో, రేపటిదేదో, ఎల్లుండిదేదో చెప్పగలరు. కన్నులున్న నేను పొరపడుదును గాని వారెన్నడు పొరపడలేదు. పొదలోని ఏ కొమ్మ యెటు వంగినదో వారి చేతికి తెలియును.

నిరుడు దసరా వెళ్లిన నాలుగవనాడు ఇంటి యజమానులు వచ్చిరి. పెంకుటిల్లు తీసివేసి అంతస్తుల మేడ కట్టింప నిశ్చయించిరట. సంక్రాంతిలోపల ఖాళీ చేయవలయునట. వారి ఇల్లు వారిష్టము; తప్పు పట్టుటకు లేదు. మా వారు కాజీపేట వైపున ఒక యిల్లు చూచి వచ్చిరి. ఆ రాత్రి అన్నము తినుచు అత్తగారు అడిగినది ఒక్కటే. "మల్లె వస్తదా బిడ్డా, ఉంటదా?"

నాకు నోట మాట రాలేదు. పారిజాతము కన్నుల యెదుట నిలిచినది.

మా వారు లెక్కల పంతులు. యాబది రూపాయలిచ్చిన తోటలో చక్కని మల్లెమొక్క దొరకుననియు, లేకున్న ఈ పొదదే ఒక కొమ్మను వంచి మన్నులో తొక్కినచో వేళ్లు వచ్చిన వెనుక కోసికొని పోవచ్చుననియు చెప్పిరి. ఆ మాట న్యాయమే. అంటు తొక్కుటయే సులువైన మార్గము. మనలో ఎవరికైనను ముందుగ చెప్పదగిన దదియే. మరునాడే నేను రెండు కొమ్మలు తొక్కితిని కూడ. కాని క్రొత్త మొక్క మరల పొద యగుటకు మూడు నాలుగేండ్లు కావలెను. అత్తగారికి డెబ్బది తొమ్మిదేండ్లు. పైగా చూపులేనివారికి జానెడు మొక్క యుండియు లేనట్టిదే. వారికి కావలసినది తమ చేతి కెరుకయైన కొమ్మలు. ఈ సంగతి నేను మా వారితో పైకి చెప్పలేదు; వారే గ్రహించి, "సరే, ప్రయత్నింపుము, ఈమారు తొందరపడకుము" అనిరి.

మా తండ్రిగారి పెట్టెలో వరాహమిహిరుని బృహత్సంహిత యున్నది. ఆరవ శతాబ్దపు గ్రంథము. జ్యోతిష్యమునకని చదువుదురు గాని, అందు వృక్షాయుర్వేదమని యొక యధ్యాయమున్నది. తీసి చూడగా నాకు కావలసినదంతయు అచ్చటనే యుండెను. కొమ్మలు రాని చెట్లను శిశిరమునను, కొమ్మలు వచ్చినవానిని హేమంతమునను, మంచి మ్రానుగలవానిని వానకాలపు మొదటను మార్చి నాటవలెనట. వేసవి మాట యచ్చటలేదు! మార్చునప్పుడు ఏ దిక్కునున్న కొమ్మ ఆ దిక్కుననే యుండునట్లు నాటవలెనట. ఇంకను నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, గోమయము కలిపి వేళ్లు మొదలు బోదె దాక పూయవలెనట.

ఇది చదివి వినిపింపగా అత్తగారు చాల నాళ్లకు నవ్విరి. "నెయ్యా? చెట్టుకా? పోరగాండ్లకేం బెడ్తవ్ మరి?" అనిరి. గోమయము దాక ఒప్పుకొంటిమి. తక్కినవి మహారాజుల తోటలకే విడిచితిమి.

తరువాత మాకు తెలిసిన యొక ముసలి తోటమాలిని పిలిపించితిని. ఆయన చదువుకొన్నవాడు కాడు. పొద చుట్టు రెండుమారులు తిరిగి, "దీన్ని ఒక్కనాడు తీస్తే సస్తదమ్మా. మూడు నెలలు తియ్యాలె" అనెను. ఆయన చెప్పినదానిని నా మాటలలో వ్రాసెదను. చెట్టు నీరు త్రాగునది లావు వేళ్లతో కాదు. అవి చెట్టును నిలబెట్టుటకును, నీటిని పైకి మోయుటకును ఉన్నవి. త్రాగునవి వాని చివరల నుండు దారములవంటి పిల్లవేళ్లును, వానిపై కంటికి సరిగ కానరాని నూగును. చెట్టు ముదిరినకొలది ఆ పిల్లవేళ్లు మొదటికి దూరముగ పోవును. మనము మొదట గడ్డపార వేసి లాగినప్పుడు లావు వేళ్లు మాత్రము మనతో వచ్చును. త్రాగు నోళ్లన్నియు పాతచోటనే యుండిపోవును. పైన ఆకులు మాత్రము మునుపటివలెనే నీటిని గాలికి విడుచుచుండును. వచ్చుబడి నిలిచి, వ్యయము తగ్గని సంసారమువంటి దది. నా పారిజాతము పది దినములలో ఏల చచ్చెనో పదునొకండేండ్లకు తెలిసినది.

కావున చేయవలసినవి రెండు. మొదటి దగ్గరనే క్రొత్త పిల్లవేళ్లు పుట్టునట్లు చేయుట; పైన వ్యయము తగ్గించుట. దీపావళి మరునాడు పొదకు మూరెడు దూరమున, చుట్టును కాక ఒక సగమున మాత్రము, అర్ధచంద్రాకారముగ మూరెడు లోతు కందకము తీసితిమి. అడ్డువచ్చిన వేళ్లను పీకక పదునైన కత్తితో కోసి, ఆ కందకమును ఇసుకయు చివికిన ఆకులును కలిపి నింపితిమి. తక్కిన సగమునుండి చెట్టు త్రాగుచునే యుండెను. అయిదు వారముల తరువాత, మార్గశిరమున, రెండవ సగము. అప్పుడు మొదటి సగమున చేయి పెట్టి చూడగా, కోసిన వేళ్ల చివరల తెల్లని మీసములవంటి పిల్లవేళ్లు పుట్టియుండెను. మాలి ముఖమున నవ్వు అప్పుడే చూచితిని.

ఇది జరుగుచుండగా ఒకనాడు మా వారు వేయిస్తంభముల గుడి మాట తెచ్చిరి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడికెదురుగ నున్న కల్యాణమండపము క్రుంగుచుండుటచే పురావస్తుశాఖవారు 2006 ప్రాంతమున దానిని విప్పి, మరల పేర్చి, 2024 మార్చిలో తెరచిరి. ఏ రాయి ఎచ్చటిదో ఎరిగి ఎప్పటి చోటనే కూర్చుట యెంత పని! "రాళ్లకు పదునెనిమిదేండ్లు పట్టినవి. నీవు మూడు నెలలకే విసిగెదవా?" అని మా వారు. రాళ్లకు దాహము లేదని నేను బదులు చెప్పితిని.

పిదప పై కొమ్మలు కోయుట. మల్లె పూయునది క్రొత్త చిగుళ్ల చివరనే కావున, మల్లెతోటలవారు ఏటేట ఈ చలికాలముననే మోకాలి యెత్తునకు కోయుదురు. కొత్త సంగతి కాదు. ఐనను మేము ఇంటిచెట్టని చూచుకొని, ఎన్నడును అంత కోసి యెరుగము. కత్తెర పట్టుకొని నిలిచిన నాకు చేయి రాలేదు. చివరలు నాలుగు కత్తిరించి చాలుననుకొంటిని. అత్తగారు మెల్లగ వచ్చి, తడవి చూచి, "గింత కోస్తే సాలదు. మోకాలి దాక రానియ్యి" అని, ఒక్కొక్క కొమ్మను తామే పట్టుకొని, వ్రేలు పెట్టిన చోట నన్ను కోయుమనిరి. ముప్పది రెండు కొమ్మలు. ప్రతిదానికి వ్రేలు జరుపుటకు ముందు ఒక క్షణము ఆగుచుండిరి. నేను వారి ముఖము చూడలేదు.

ఇచ్చట నొక చిన్న మాట. ప్రక్కయింటి యమ్మాయి కళాశాలలో చదువుచున్నది. ఇంత శ్రమ దేనికనియు, ఇప్పుడు లావెండరు చెట్టే యందరికి ఇష్టమనియు, కాశ్మీరము వైపు దోడా జిల్లాలో భద్రవాహమున రైతులే పండించుచున్నారనియు చెప్పినది. నిజమే. ఆ చెట్టు మన తులసి కుటుంబమునకు చెందినదట. చల్లని గాలియు నీరు నిలువని నేలయు దాని కిష్టము. దానిని చోటు మార్చుటకును వేళ్ల విషయమున ఈ జాగ్రత్తయే వలయును గాని, కోతలో మాత్రము గొప్ప భేద మున్నది. లావెండరును ఆకులులేని ముదురు కట్టెలోనికి కోసినచో మరల చిగుర్చుట యరుదు. మల్లె యట్లు కాదు. ముదురు మోటునుండియు చిగుర్చును. ఒక చెట్టు విధిని మరియొక చెట్టునకు వర్తింపజేయరాదు. ఆ యమ్మాయికి లావెండరు నూనె సీసా చాలునని చెప్పితిని.

సంక్రాంతికి వారము దినముల ముందు పొదను కదల్చితిమి. ముందునాటి సాయంకాలము నిండ నీరు పోసి నానబెట్టితిమి; తడిసిన మన్ను వేళ్లను విడువదు. తూర్పు వైపు కొమ్మకు నా పాతచీర పీలికయొకటి ఎర్రనిది ముడివేసితిని. వరాహమిహిరుని మాట ఇదొక్కటి యైనను పూర్తిగ చెల్లింతమని. తెల్లవారుజామున మాలియు, ఇంకొక కూలివాడును, మా వారును, మా పెద్దవాడును కలిసి కందకము వెంబడి త్రవ్వి, అడుగున మొరములోనికి దిగిన బొటనవ్రేలి లావు వేరును రంపముతో కోసి, మన్నుముద్ద రాలకుండ గోనెపట్ట క్రిందుగ దూర్చి, పురికొసతో బిగించి కట్టిరి. కోసిన గాయములకు గోమయము పూసితిని. నలుగురు మోసినను కష్టమైనది. పారిజాతమును నేనొక్కదాననే ఎత్తి లారీలో నిలిపిన సంగతి తలంపునకు వచ్చినది.

ట్రాలీ ఆటోలో చెట్టు నెక్కించిన పిదప అత్తగారు తామును దానితోడనే వత్తుమనిరి. ఎంత చెప్పినను వినక, వెనుక చెట్టు ప్రక్కనే ముక్కాలిపీట వేయించుకొని, ఒక చేత మన్నుముద్దను పట్టుకొని కూర్చుండిరి. వారి ప్రక్కన నేను. కాజీపేట దాక మేమెవరమును మాటాడలేదు.

క్రొత్త యింట ఒక చిక్కు వచ్చినది. ఆ పెరడు నల్లరేగడి పోసి మెత్తించినది. మాలి ముందునాడే వచ్చి గుంత తీసి, నిండ నీరు పోసి చూచెను. తెల్లవారినను సగము నీరు అట్లే నిలిచియున్నది. అందులో నాటినచో వేళ్లకు గాలి ఆడక కుళ్లుననెను. కావున గుంతను లోతు చేయక, మొరమును ఇసుకయు తెప్పించి, నేలకు జానెడెత్తున దిబ్బగ పోసి, దానిపై నాటితిమి. పాతచోట ఎంతవరకు మన్నులో నుండెనో అంతవరకే. వ్రేలెడైన ఎక్కువ పూడ్చలేదు. ఎర్ర పీలిక తూర్పుననే యుంచితిమి. పెంట వేయలేదు. గాయపడిన వేళ్లకు ఎరువు అజీర్ణమని మాలి మాట. నీరు నిండ పోసి, మన్నులోని గాలి బుడగలు పోవునట్లు అణచి, పైన తాటాకుల పందిరి వేసితిమి. గోనెపట్టను ముళ్లు విప్పి, అడుగుననే విడిచితిమి, అదే చివికిపోవును.

ఇక కనిపెట్టుకొని యుండుట. పుష్యము పోయినది. మాఘము వచ్చినది. ఆ యేడు మేడారము జాతర. రేయింబవలు బస్సులు పోవుచుండెను. ఎదురింటివారు బంగారమని బెల్లము మోసికొని పోయిరి. మా మోట్లు మాత్రము పుల్లలవలెనే యున్నవి. నేను నాలుగు దినముల కొకమారు, పై మన్ను పొడియైనప్పుడే నీరు పోయుచుంటిని. ఐనను ఒకనాడు దిబ్బ ప్రక్కన కూర్చుండగా పులిసినవాసన తగిలెను. వ్రేలు దూర్చి చూచితిని గదా, బురద.

కారణము మరునాడు తెలిసినది. తెల్లవారుజామున అందరము నిద్రలో నుండగా అత్తగారు గోడ తడవుకొనుచు పోయి, దినదినమును రెండు చెంబుల నీరు పోయుచుండిరి. చూచిన క్షణమున నాకు కోపమాగలేదు. "మీ చేతులతో మీరే దాన్ని చంపుతున్నరు అత్తమ్మా!" అంటిని. పదునైదేండ్ల కాపురములో వారిని నేనట్లు ఎన్నడు ననలేదు. వారు చెంబు క్రింద పెట్టి లోనికి పోయిరి.

తరువాత వారము దినములు వారు పెరటిలోనికి రాలేదు. అడిగినదానికి బదులు చెప్పుదురు, అన్నము తిందురు, గదిలో మంచముమీద కూర్చుందురు. క్రొత్త యింట వారికి దారులు తెలియవు. పాత యింట వంటయింటినుండి వాకిలికి, వాకిలినుండి మల్లెకు అడుగుల లెక్కమీద తిరుగువారు. ఇచ్చట మల్లె దాక పోవు దారి యొక్కటియే వారు తమంతట నేర్చుకొన్నది. దానిని నేను మూసితిని. మా వారికి చెప్పగా వారును ఏమియు ననలేదు. పంతులు ఏమియు ననకపోవుట కష్టమైన శిక్ష.

ఎనిమిదవనాడు ఉదయమున నేను పోయి వారి చేయి పట్టుకొంటిని. "అత్తమ్మా, నాకు తెలుస్తలేదు. అది బతికున్నదో లేదో మీరే చెప్పాలె" అంటిని. ఇది మాట నేర్పు కాదు. నాకు నిజముగ తెలియలేదు. వారు కొంతసేపు ఊరకుండి, లేచి వచ్చిరి. దిబ్బకడ కూర్చుండి, ఒక్కొక్క మోటును మొదటినుండి కొసదాక తడవిరి. గోటితో బెరడు కొంచెము గీరి, ఆ చోట వ్రేలికొస పెట్టి, ముక్కున కానించుకొనిరి. మూడు మోట్లను "ఇవి పోయినయ్" అనిరి. ఎర్ర పీలిక కట్టిన దానికడ చాలసేపు ఆగిరి. "పచ్చిగనే ఉన్నది బిడ్డా" అనిరి. నేను వంగి చూచితిని. గీరినచోట బెరడు క్రింద లేతపచ్చదనము వెండ్రుకవాసి యున్నది. తోటలవారందరు ఇట్లే గోటితో చూతురని మాలి తరువాత చెప్పెను. ఎండిన మోటు లోపల గోధుమరంగున నుండును.

ఆ దినమునుండి నీరు పోయుట వారి పనియే యైనది. ముందు వ్రేలు మొదటి కణుపుదాక మన్నులో దూర్చి చూతురు. పొడిగ తగిలిననే చెంబు. నేను చూచి చెప్పుటకంటె వారి వ్రేలు చెప్పుటయే నమ్మదగినదిగ నున్నది.

శివరాత్రి వెళ్లిన మూడవనాడు మొదటి చిగురు. వడ్లగింజంత; నేను చూడనే లేదు, వారి వ్రేళ్లే కనుగొన్నవి. ఫాల్గునము ముగియునప్పటికి ఇరువది యారు మోట్లు చిగుర్చినవి. ఆరు పోయినవి, అవి నీటివలననో కోతవలననో చెప్పలేను. ముందుజాగ్రత్తకు నేను తొక్కిన అంట్లు రెండును పాత యింటనుండి తెచ్చి కుండలలో పెట్టితిమి. ఒకటి బ్రదికి, ప్రక్కయింటి యమ్మాయికి పోయినది.

ఈ యేడు మొగ్గలు వచ్చినను గిల్లివేయవలెననియు, చెట్టు బలమంతయు వేళ్లకు పోవలెననియు మాలి గట్టిగ చెప్పిపోయెను. చైత్రమున మొగ్గలు కానరాగానే, అత్తగారు పూజకు కూర్చుండిన సమయము చూచి, నేను గిల్లుట మొదలుపెట్టితిని. సగము గిల్లితినో లేదో వెనుకనుండి, "కొన్ని ఉంచు బిడ్డా" అని వినబడెను. గిల్లిన చప్పుడు వారికెట్లు తెలిసెనో! పదునొకటి మిగిలినవి. వాని నన్నిటిని ఒకే సాయంకాలము కోయలేదు. నాలుగు దినములు, ఏనాటివానిని ఆనాడు, వారే ఎంచి కోసిరి. మాల కట్టుటకు చాలవు గావున నీటిగిన్నెలో వేసి వారి మంచము ప్రక్కన పెట్టితిని.

ఇప్పుడు పొద నా నడుము దాక వచ్చినది. తెల్లవారగానే అత్తగారు స్నానము చేసి పెరటిలోనికి పోయి, కొమ్మలను తడవి, పీలిక ముడి చేతికి తగులగానే ఆ వైపు తిరిగి సూర్యునికి నమస్కారము చేయుదురు. ఈ క్రొత్త యింట వారికి తూర్పు తెలియునది దానివలననే. మొన్న వానలలో అది నాని, చివికి, తెగి ఎచ్చటనో పడినది. ఆ యుదయమున వారు చేయి చాపి, కొమ్మ వెంబడి రెండుమారులు తడవి, "తూర్పు యాడికి పోయింది బిడ్డా?" అని అడిగిరి. పొయ్యిమీది పాలు దింపి పోయి, ఇంకొక చీర యంచు చింపి, ఆ కొమ్మకే ముడివేసి వచ్చితిని.